ఎవరి ఇంటికి కాపలా?

(పాచిపెంటలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోడు పట్టాల గురించి మాట్లాడుకుంటున్న చోట వందేళ్ళ నాటి యుద్ధం పోస్టర్ల గురించి ఈవిడ ఏం చెబుతుందా అని మీలో కొందరికి అనిపించవచ్చు. సైన్యంలో చేరమని పిలిచే బొమ్మల్లో స్త్రీని ఎక్కడ నిలబెట్టారు, ఆ బొమ్మ వెనక ఆమెకి దక్కిందేమిటి అన్నది నా ప్రశ్న. అది హక్కుల ప్రశ్నే.

1914లో ఆల్ఫ్రెడ్ లీట్ అనే చిత్రకారుడు ఒక లండన్ పత్రిక అట్ట మీద యుద్ధమంత్రి కిచెనర్ బొమ్మ వేశాడు. గుబురు మీసం, మనవైపు చాచిన వేలు. మీరు ఏ పక్కన నిలబడి చూసినా ఆ వేలు మిమ్మల్నే చూపిస్తుంది. చూపునీ వేలినీ సూటిగా ఎదురుగా గీయడంలో ఉన్న గమ్మత్తు అది. మూడేళ్ళకి అమెరికా వాళ్ళు అదే వేలిని అంకుల్ శామ్‌కి తగిలించారు. ఆ బొమ్మలో మగవాడితో మగవాడు మాట్లాడతాడు. 1915కల్లా అది చాలలేదు, స్త్రీ కావలసి వచ్చింది. ఇ. జె. కీలీ వేసిన పోస్టర్లో ఇద్దరు స్త్రీలు, ఒక పిల్లవాడు కిటికీ దగ్గర నిలబడి కవాతు చేస్తూ వెళ్ళిపోతున్న సైనికుల్ని చూస్తుంటారు. బ్రిటన్ స్త్రీలు 'వెళ్ళు' అంటున్నారని పైన రాసి ఉంటుంది. అప్పటికి ఆ దేశంలో స్త్రీలకి పార్లమెంటు ఎన్నికల్లో ఓటు లేదు. 1918లో వచ్చింది, అదీ కొందరికే. ఓటు లేని స్త్రీల నోట్లో ప్రభుత్వం తన మాట పెట్టి మాట్లాడించిందన్నమాట.

ఇంకో సంగతి ఉంది, నాకు పోస్టర్ కన్నా అదే ముఖ్యం. సైనికుల భార్యలకి ఇచ్చే భత్యాన్ని, నడవడి బాగాలేని వాళ్ళకి ఆపెయ్యాలని 1914 అక్టోబరులోనే ఉత్తర్వులు వెళ్ళాయి. తాగుతోందా, ఇంటికి ఎవరొస్తున్నారు అని పోలీసులు ఆరా తీశారు. భర్తని పంపమని బతిమాలిన రాజ్యమే, పంపాక ఆమె గడప దగ్గర నిఘా పెట్టింది.

మన దేశానికి వద్దాం. మొదటి ప్రపంచ యుద్ధంలో దాదాపు 13 లక్షల మంది భారతీయులు పనిచేశారు, 70 వేలకు పైగా చనిపోయారు. ఇక్కడి పోస్టర్లది వేరే పద్ధతి. ఒకదాంట్లో ఈ డబ్బు, ఈ తుపాకీ, ఈ యూనిఫాం ఎవరు తీసుకుంటారని అడుగుతారు. జీతగాణ్ణి పెట్టుకునే ఆసామి అడిగినట్టు, ఏ మొహమాటం లేకుండా. ఇంకొకదాంట్లో ఈ సిపాయి దేశానికీ తన ఇంటికీ కాపలా కాస్తున్నాడని చెప్పి, కుటుంబానికి మేలు చెయ్యాలంటే సైన్యంలో చేరమంటారు. ఫ్రాన్సు బురదలో నిలబడ్డవాడు తన ఇంటికి ఎలా కాపలా కాస్తాడో ఆ పోస్టర్ చెప్పదు. ఆ ఇంటిని నిజంగా కాసినది, పొలమూ పిల్లలూ ముసలివాళ్ళతో సహా, ఎవరో మీకు చెప్పక్కర్లేదు. ఆమె బొమ్మలో లేదు.

పోస్టర్ అంటే కనీసం అడగడం. కొండల్లో ప్రభుత్వం అడగను కూడా లేదు. 1917లో ఫ్రాన్సుకి కూలిదళాల కోసం సంతాలులు, ఒరాన్లు, నాగాలు, లుషాయిల్ని సమీకరించారు. మణిపూర్ కొండల్లో కుకీలు మనుషుల్ని పంపం అని తిరగబడితే, ఆ పోరు 1919 దాకా సాగింది. మన మన్యంలో రోడ్డు పనికి గిరిజనుల్ని బలవంతాన తోలిన గూడెం డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్ పేరు మీలో చాలామందికి తెలుసు. 1922 తిరుగుబాటుకి అదొక కారణం. దాన్ని అణచడానికి మలబార్ స్పెషల్ పోలీసుతో పాటు అస్సాం రైఫిల్స్‌ని దింపారు. ఒక కొండవాడి చేతికి తుపాకీ ఇచ్చి ఇంకో కొండవాడి మీదికి పంపడం అప్పటి నుంచీ ఉన్న పద్ధతే.

రెండో యుద్ధంలో స్త్రీనే చేరమని పిలిచారు. 1941లో బ్రిటన్‌లో ఏబ్రమ్ గేమ్స్ అనే డిజైనర్ మహిళా దళం కోసం ఒక పోస్టర్ వేశాడు. నల్లటి నీడలోంచి ఒక పక్కకి తిరిగిన ముఖం, ఎర్రటి పెదవులు, టోపీ. డిజైన్‌గా చూస్తే చాలా గొప్ప పని, ఒప్పుకోవాలి. మరీ సింగారంగా ఉందని గొడవ పార్లమెంటు దాకా వెళ్ళి దాన్ని వెనక్కి తీసుకున్నారు. స్త్రీ సైన్యానికి కావాలి కానీ, తన ఇష్టం కొద్దీ వచ్చినట్టు కనిపించకూడదు! 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ ఏడాదే ఇక్కడా మహిళా సహాయక దళం పెట్టారు. ఖాకీ చీర కట్టుకోవచ్చన్నారు. ఆంగ్లో ఇండియన్ స్త్రీలు పెద్ద సంఖ్యలో చేరారు. యుద్ధం అయ్యాక దళాన్ని రద్దు చేసి అందర్నీ ఇళ్ళకి పంపేశారు. వైద్యసేవలు కాక మిగిలిన విభాగాల్లోకి స్త్రీలని మళ్ళీ అధికారులుగా తీసుకున్నది 1992లో. వాళ్ళకి శాశ్వత కమిషన్ ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 2020లో చెప్పాల్సి వచ్చింది.

ఇక వాకపల్లి. 2007 ఆగస్టు 20న గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోందు స్త్రీలు ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్‌లో విశాఖ ప్రత్యేక కోర్టు 13 మంది పోలీసుల్నీ నిర్దోషులుగా వదిలేసింది. దర్యాప్తు సరిగా జరగలేదంది, ఆ స్త్రీలకి నష్టపరిహారం ఇమ్మంది. పోలీసూ సైన్యమూ ఒకటి కావు, తెలుసు. కానీ యూనిఫాం వేసుకున్నవాడు మన ఇంటికి కాపలా అనే బొమ్మని ఆ పదకొండు మంది పక్కన కూర్చుని ఒకసారి చూడండి.

ఇప్పుడు మన పిల్లల సంగతి. ఉత్తరాంధ్ర పల్లెల్లో సైన్యం ఉద్యోగం కోసం పొద్దున్నే రోడ్ల మీద పరుగెత్తే కుర్రాళ్ళు మనకి కొత్త కాదు. అమ్మాయిలూ మిలిటరీ పోలీసులో చేరవచ్చు. వెళ్ళొద్దని చెప్పే హక్కు నాకు లేదు, వేరే పని చూపించగలిగితే తప్ప. కానీ 2022లో వచ్చిన అగ్నిపథ్‌లో ఉద్యోగం నాలుగేళ్ళు. నూటికి 25 మంది దాకానే ఉంచుకుంటారు. మిగిలినవాళ్ళకి వడ్డీతో కలిపి సుమారు 11.71 లక్షలు ఇచ్చి పంపుతారు. పెన్షన్ లేదు. చనిపోతే 48 లక్షల బీమా ఉంది, కానీ పాత సైనికుల భార్యలకి వచ్చే కుటుంబ పెన్షన్ లాంటిది లేదు. ఆ బీమా ఎవరి పేరున ఉంటుంది? నామినీ కాగితంలో తల్లి పేరా, భార్య పేరా? పెళ్ళి నమోదు కాకపోతే ఆ అమ్మాయి గతేమిటి? మన ఊళ్ళలో ఎన్ని పెళ్ళిళ్ళు నమోదవుతున్నాయో మీకే బాగా తెలుసు. ఇవి ఏ పోస్టర్ మీదా ఉండవు. మీరు ఊళ్ళలో తిరిగేటప్పుడు కొడుకునో కూతుర్నో పంపుతున్న తల్లిని ముందు ఇవే అడగమనండి.

నేను చెప్పిన పోస్టర్లకి జెరాక్సులు తెచ్చాను, మన సంఘాలు వేసిన పోస్టర్లు కూడా. వాటిలో ఏడుస్తూ మోకాళ్ళ మీద తల పెట్టుకున్న స్త్రీ ఎన్నిసార్లు వచ్చిందో నేను లెక్కపెట్టడం మొదలుపెట్టి మానేశాను. భోజనాలయ్యాక రెండూ పక్కపక్కన పరిచి చూద్దాం.