బోను ఎవరి చేతిలో ఉంది?

(మొన్న మా మండలంలో యువజన శిబిరంలో మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్లు అడిగారని కొంచెం సర్ది ఇక్కడ పెడుతున్నాను.)



ఈరోజు భూమి గురించి మాట్లాడతానని అనుకుని వచ్చుంటారు. నేను బోను గురించి మాట్లాడతాను. నవ్వకండి. చివరిదాకా వింటే అది కూడా భూమి మాటే అని మీకే తెలుస్తుంది.

మా మేనమామ ఇంట్లో కోళ్లు రోజుకొకటి మాయమయ్యేవి. చూస్తే జంగుపిల్లి. మామ దాన్ని చంపాలనుకోలేదు. ఇనుప జాలీతో ఒక బోను కట్టాడు, లోపల కోడి పేగులు పెట్టాడు. రెండో రాత్రి పిల్లి పడింది. తెల్లారి బోను భుజాన వేసుకుని, వాగు దాటి గుట్ట అవతల వదిలేద్దామని బయలుదేరాడు. దారిలో అడవి సిబ్బంది ఎదురయ్యారు. "వదలడానికే తీసుకెళ్తున్నా సార్" అన్నాడు. వినలేదు, వేట కేసు రాశారు. ఆ తర్వాత వాయిదాలు, బస్సు చార్జీలు, వకీలు ఫీజు. రెండు మేకలు, ఒక దుక్కిటెద్దు అలాగే పోయాయి.

మరుసటి ఏడు మా ఊరి పక్కకు చిరుత వచ్చింది. అప్పుడు జీపులో పెద్ద ఇనుప బోను వచ్చింది. మోయడానికి మా ఊరి పిల్లల్నే పిలిచారు. చిరుత పడింది. ఎక్కడికో తీసుకెళ్లి వదిలారు. ఎక్కడ వదిలారో మాకు చెప్పలేదు, అక్కడి ఊరోళ్లకు చెప్పారో లేదో తెలియదు. పేపర్లో ఫొటో వచ్చింది. మామ ఆ ఫొటో చూసి ఒక్క మాటన్నాడు: "నేను చేసింది కూడా ఇదే కదరా?"

ఆ ప్రశ్నకు ఆరోజు నా దగ్గర జవాబు లేదు. డిగ్రీ చదివాను గానీ చట్టం చదవలేదు. తర్వాత చదివాను.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 'వేట' అంటే చంపడం ఒక్కటే కాదు. పట్టుకోవడం, ఉచ్చు వేయడం, బోను పెట్టడం, తరమడం, ఎర వేయడం, చివరికి అలాంటి ప్రయత్నం చేయడం కూడా వేటే. అంటే జంతువు మీద గీత కూడా పడకుండా పట్టి వదిలినా అది వేటే. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఉంటే మాత్రం అదే పని రక్షణ చర్య అవుతుంది.

సరే, అది పాత చట్టం. మన కోసమే వచ్చిందని మనం పండగ చేసుకున్న 2006 అటవీ హక్కుల చట్టం చూద్దాం. సెక్షన్ 3(1) లో మన హక్కుల జాబితా ఉంది. చివర్లో, మనం సంప్రదాయంగా అనుభవిస్తున్న ఇతర హక్కులు కూడా చెల్లుతాయని రాసి, ఆ వెంటనే ఒక మినహాయింపు పెట్టారు: వేటాడటం, బోనులో ఉచ్చులో పట్టడం, జంతువు శరీర భాగాలు తీయడం తప్ప. తరతరాల అన్యాయాన్ని సరిదిద్దుతామని చెప్పిన చట్టం కూడా ఈ ఒక్క తలుపు మూసే ఉంచింది.

తొందరపడకండి. వేట హక్కు కావాలని జెండా పట్టుకుందాం అని నేను అనడం లేదు. నేను చెప్పేది వేరే. అది అర్థం కావాలంటే మిమ్మల్ని కొంచెం దూరం తీసుకెళ్లాలి.

మన తెలుగువాళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు పోయే సియాటిల్ మీరు విన్నదే. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం. ఆ నగరానికి ఉత్తరాన, సముద్రం ఒడ్డున తులాలిప్ అనే ఆదివాసీల రిజర్వేషన్ ఉంది. వాళ్ల బతుకంతా సాల్మన్ చేప. మన గోదావరికి పులస సముద్రం నుంచి ఎదురెక్కి వస్తుంది చూడండి, అలాగే సాల్మన్ కూడా సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి తను పుట్టిన వాగుకే తిరిగి వస్తుంది. వాగు చల్లగా ఉండాలి, మడుగులు ఉండాలి. అప్పుడే పిల్లలు బతుకుతాయి.

ఆ మడుగులు కట్టేది బీవర్. ఎలుక జాతి జంతువే, కానీ ఇరవై కిలోల దాకా, కొన్ని అంతకన్నా ఎక్కువే తూగుతాయి. తోక చేట లాగా వెడల్పు. పళ్లతో చెట్లు కొరికి పడేసి, కొమ్మలు, రాళ్లు, బురద పేర్చి వాగుకు అడ్డకట్ట కడుతుంది. నీళ్లు నిలుస్తాయి, పక్క నేలలోకి ఇంకుతాయి, ఎండాకాలం మెల్లగా కిందికి దిగుతాయి. మనం ఉపాధి పనిలో కట్టే చెక్‌డ్యామ్ పనిని అది కూలీ లేకుండా చేస్తుంది.

మరి అది ఎందుకు పోయింది? దాని బొచ్చు వల్ల. యూరప్‌లో దొరలకు బీవర్ బొచ్చుతో చేసిన టోపీలు కావాలి. 1670లో పుట్టిన హడ్సన్స్ బే కంపెనీ ఆ వ్యాపారం మీదే ఒక రాజ్యంలా పెరిగింది. 1820ల్లో ఆ కంపెనీ స్నేక్ నది ప్రాంతంలో ఇంకో పని చేసింది. అమెరికన్ వ్యాపారులు అటు రాకుండా ఉండాలని, ఒక్క బీవర్ కూడా మిగలకుండా పట్టేయమని తన మనుషుల్ని పంపింది. జంతువును తుడిచిపెట్టడమే సరిహద్దు కాపలా అన్నమాట. అలా 1900 వచ్చేసరికి ఖండమంతా బీవర్ దాదాపు ఖాళీ. మడుగులు ఎండాయి. వాగులు లోతుగా కోసుకుపోయాయి.

గుర్తుపెట్టుకోండి. అడవిని ఖాళీ చేసింది కంపెనీ. తర్వాత 'కాపాడే' చట్టాలు వచ్చినప్పుడు బేడీలు పడింది ఆదివాసీ చేతికి. ఈ కథ మనకు కొత్త కాదు.

తులాలిప్ పెద్దలు 1855 జనవరి 22న అమెరికా ప్రభుత్వంతో పాయింట్ ఎలియట్ ఒప్పందం చేసుకున్నారు. భూమి దాదాపు అంతా పోయింది. కానీ ఒక మాట కాగితం మీద రాయించుకున్నారు: అలవాటైన చోట్ల చేపలు పట్టుకునే హక్కు, ఖాళీ భూముల్లో వేటాడే, దుంపలు పళ్లు ఏరుకునే హక్కు మాకు ఉంటుంది అని. తర్వాత వందేళ్లు రాష్ట్రం ఆ మాటను పట్టించుకోలేదు. చేపలు పడితే అరెస్టు చేసింది. వాళ్ల పొరుగు తెగ నిస్క్వాలీకి చెందిన బిల్లీ ఫ్రాంక్ జూనియర్‌ను మొదటిసారి అరెస్టు చేసినప్పుడు ఆయనకు 14 ఏళ్లు. ఆ తర్వాత యాభై సార్లకు పైగా. అయినా మళ్లీ వెళ్లి వల వేసేవాడు. 1960ల్లో ఆ తెగలు నది మీదే ఉద్యమం నడిపాయి. లాఠీలు తిన్నారు, పడవలు పోగొట్టుకున్నారు. 1974 ఫిబ్రవరి 12న జడ్జి జార్జ్ బోల్ట్ తీర్పు ఇచ్చాడు: ఒప్పందం చెల్లుతుంది, పట్టదగిన చేపల్లో సగం దాకా తెగలవే, చేపల నిర్వహణలో రాష్ట్రంతో పాటు తెగలూ కూర్చోవాలి. 1979లో సుప్రీంకోర్టు కూడా దాన్ని ప్రధానంగా సమర్థించింది.

అక్కడితో వాళ్లు ఆగలేదు. చేప పట్టే హక్కు ఉండి చేపే లేకపోతే ఆ హక్కు ఎందుకు? చేప కావాలంటే చల్లటి నీళ్లు కావాలి. చల్లటి నీళ్లు కావాలంటే బీవర్ కావాలి.

ఇప్పుడు బోను దగ్గరికి వద్దాం.

కింద మైదానాల్లో బీవర్లు మళ్లీ కొంచెం పెరిగాయి. కానీ అక్కడ అవి రైతు పొలం ముంచుతాయి, రోడ్డు కింద తూము మూసేస్తాయి. అక్కడివాళ్లకు తెలిసిన సులువైన దారి చంపేయడం. తులాలిప్ వాళ్లు ఏమన్నారంటే, చంపకండి, మాకు ఇవ్వండి, పైన కొండల్లో మా వాగులకు అవి కావాలి.

కానీ రాష్ట్ర చట్టం అడ్డం. 2012లో వాషింగ్టన్ చేసిన చట్టం బీవర్లను పట్టి మరో చోట వదలడానికి ఒప్పుకుంది. అయితే కొండలకు తూర్పు వైపు మాత్రమే. తులాలిప్ ఉన్నది పడమర. అప్పుడు వాళ్లు 1855 కాగితం బయటికి తీశారు. ఒప్పంద హక్కు ఉన్న తెగగా, కేంద్ర అటవీ భూమిలో, 2014లో పని మొదలుపెట్టారు. వాళ్లు చేసి చూపించాక 2017లో రాష్ట్రమే చట్టం మార్చి పడమర వైపు కూడా ఒప్పుకుంది. ముందు హక్కు నడిచింది, చట్టం దాని వెనక నడిచింది.

పని ఎలా చేస్తారో కూడా చెప్తా, ఎందుకంటే అందులో నేర్చుకోవాల్సింది ఉంది. వాళ్ల బోను సూట్‌కేసు లాగా తెరుచుకుంటుంది. ఒడ్డు పక్కన లోతు లేని నీళ్లలో పెడతారు. ఎరగా అప్పుడే కోసిన లేత కొమ్మలు, బీవర్ తన హద్దు గుర్తు పెట్టుకోవడానికి వదిలే వాసన ద్రవం. బీవర్ వచ్చి మీట తగిలిస్తే రెండు రెక్కలూ మూసుకుంటాయి. జంతువు తల నీళ్ల పైనే ఉండేలా పెట్టాలి. రాత్రి నీటిమట్టం పెరిగితే మునిగి చస్తుంది. అందుకే సాయంత్రం పెట్టి తెల్లారేసరికి చూసి తీరాలి. ఎండ పడేదాకా వదిలేస్తే దానికి వేడి తట్టదు. బోను పెట్టి ఇంటికి పోయి నిద్రపోయేవాడికి ఈ పని చేతకాదు.

ఇంకోటి. ఒక్కదాన్ని పట్టి వదలరు. తల్లి, తండ్రి, ఈ ఏటి పిల్లలు, పోయిన ఏటి పిల్లలు, వీలైనంత వరకు మొత్తం కుటుంబాన్ని పట్టేదాకా ఆగుతారు. అప్పటిదాకా పాత చేపల కేంద్రం కాంక్రీటు తొట్లలో ఉంచి మేపుతారు. విడదీసి వదిలితే అవి ఒకదాన్ని ఒకటి వెతుక్కుంటూ చెదిరిపోతాయి. కలిపి వదిలితే నిలబడి కట్ట కట్టే అవకాశం ఎక్కువ. మన ఊళ్లను ప్రాజెక్టుల పేరుతో ఖాళీ చేయించి, అన్నను ఒక కాలనీకి, తమ్ముణ్ణి ఇంకో కాలనీకి తోసినవాళ్లకు ఈ మాత్రం తెలివి లేకపోయింది. ఇది విన్నప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది అదే.

ఫలితం? స్కైకోమిష్ నది ఎగువ వాగుల్లో శాస్త్రవేత్తలు కొలిచారు. బీవర్లు నిలబడిన చోట మొదటి ఏడాదిలోనే వంద మీటర్ల వాగుకు 243 ఘనపు మీటర్ల నీళ్లు పైన నిలిచాయి. నేలలో ఇంకింది దానికి రెట్టింపు కన్నా ఎక్కువ. వేసవిలో కట్ట దిగువన నీళ్లు సగటున 2.3 డిగ్రీలు చల్లబడ్డాయి. అన్ని చోట్లా నిలిచాయా అంటే లేదు, వదిలిన చాలా చోట్ల నిలవలేదు. ఆ సంగతి కూడా దాచకుండా రాశారు.

కాలిఫోర్నియాలో కూడా ఇలాంటిదే. మైదూ ఆదివాసీలకు 2019లో తస్మామ్ కోయోమ్ అనే లోయ తిరిగి దక్కింది. 2023 అక్టోబర్‌లో ఏడు బీవర్ల కుటుంబాన్ని అక్కడ వదిలారు. ముందు భూమి వచ్చింది, ఆ వెనక జంతువు వచ్చింది.

ఇక మన దగ్గరికి. మనకూ వాళ్లకూ తేడా ఉంది. మనకు 1855 ఒప్పందం లాంటిది లేదు. కానీ చేతిలో ఏమీ లేదా? ఉంది. అటవీ హక్కుల చట్టం సెక్షన్ 5 తీసి చదవండి. సెక్షన్ 3 అంటే మనవాళ్లందరికీ పట్టా గుర్తొస్తుంది. సెక్షన్ 5 ఎవరికీ గుర్తుండదు. వన్యప్రాణుల్ని, అడవిని, జీవవైవిధ్యాన్ని, నీటి వనరుల్ని కాపాడే అధికారం హక్కుదారులకు, గ్రామసభకు ఉందని అందులో రాసుంది. వాటికి చెడు చేసే పనిని ఆపమని గ్రామసభ నిర్ణయిస్తే ఆ నిర్ణయం అమలయ్యేలా చూడాలని కూడా ఉంది. ఆ పనికి గ్రామసభే కమిటీ వేసుకోవాలని 2008 నియమాల్లో ఉంది. మీ ఊళ్లో ఆ కమిటీ ఉందా? ఒకసారి చేతులెత్తమంటే శిబిరంలో రెండు చేతులు లేచాయి.

అందుకే అడుగుతున్నా, మూడు పనులు చేద్దాం.

ఒకటి. సామాజిక అటవీ వనరుల హక్కు క్లెయిమ్ పెట్టని ఊళ్లు పెట్టాలి. పెట్టిన ఊళ్లు సెక్షన్ 5 కమిటీ వేసి, తీర్మానం రాసి, కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకోవాలి.

రెండు. మన అడవిలో ఏ జంతువును పట్టినా, ఎక్కడి నుంచో తెచ్చి వదిలినా, గ్రామసభకు ముందు చెప్పాలని తీర్మానం చేద్దాం. బోను మోయడానికి మన భుజం కావాలంటే, ఎక్కడ పెట్టాలో చెప్పడానికి మన నోరు కూడా కావాలి.

మూడు. ఇది చెప్పడానికి నాకూ కష్టమే. మన ఊళ్లలో ఇప్పటికీ బైక్ క్లచ్ తీగతో ఉచ్చులు వేస్తున్నారు, పందుల కోసం కరెంటు తీగ లాగుతున్నారు. ఉచ్చుకు ఏది పడుతుందో తెలియదు. కరెంటు తీగకు పంది, ఆవు, మనిషి తేడా తెలియదు. తెల్లవారుజామున ఇప్పపువ్వు ఏరడానికి పోయే మన అమ్మలు తొక్కేది ఆ తీగనే. అది మన తాతల వేట కాదు. తాతలకు గుడ్లు పెట్టే కాలం తెలుసు, చూలు జంతువు తెలుసు, ఇంటిపేరు జంతువును ముట్టకూడదని తెలుసు. ఆ తీగలు మనమే తీసేయకపోతే, కాపాడే అధికారం మాకివ్వమని ఏ ముఖంతో అడుగుతాం?

బిల్లీ ఫ్రాంక్‌ను యాభై సార్లు పట్టుకెళ్లారు. ఆయన తర్వాతి తరం అందరూ చూస్తుండగా బోను పెడుతోంది. బోను ఇనుముదే. మారింది దాని మీద నిర్ణయం ఎవరిదన్నది.

మామ కేసు ఇంకా నడుస్తోంది. ఈ వ్యాసానికి ఫొటో తీస్తానంటే వద్దన్నాడు. సెక్షన్ 5 ఏంటో తెలుగులో రాసిమ్మని మాత్రం అడిగాడు, వచ్చే గ్రామసభలో తనే చదువుతాడట. రాసిచ్చాను. మీ ఊళ్లో ఎవరు చదువుతారో మీరు చూసుకోండి.

జల్, జంగల్, జమీన్ మనదే. జై ఆదివాసీ.