పంటినొప్పికి మందు వ్రాయించుకొనునపుడు



పంటినొప్పి రాత్రిపూటనే హెచ్చుట మీలో చాలమందికి అనుభవమే. పడుకొనగానే తలవైపు రక్తము ఒత్తిడి పెరిగి, పుచ్చిన పంటిలోని నరము మరింత బాధించును. ఆ వేళ వైద్యుడు దొరకడు. ఇంటిలో ఎవరికో పూర్వము వ్రాసి యిచ్చిన మాత్రలు దొరకును. తెల్లవారగానే మందుల దుకాణము దొరకును. మా వద్దకు వచ్చువారిలో పెక్కురు ఈ రెండు మెట్లు దాటి వచ్చినవారే. అందుచేత నేడు పండ్లు తోముకొను పద్ధతిని గూర్చి చెప్పబోవుట లేదు. అది మీరు పలుమార్లు విన్నదే. పంటి జబ్బుకు మందు ఏల ఇత్తుమో, ఎవరికి ఏది ఈయరాదో, మీరు మాకేమి చెప్పవలెనో, అంతవరకే మాటలాడెదను.

పుచ్చు నరమువరకు పోయిన పిమ్మట ఏ మాత్రయు ఆ పంటిని బాగుచేయజాలదు. నరము చచ్చిన పంటిలోనికి రక్తము పోదు. రక్తము పోనిచోటికి మందును పోదు. పంటిని తెరచి లోపలి కుళ్ళు తీయవలెను, లేదా పన్నే పెరికివేయవలెను. నొప్పిమాత్ర అంతవరకు ఓర్చుకొనుటకే. యాంటిబయాటిక్ అనునది వాపు ముఖమునకు ప్రాకినపుడు, జ్వరము వచ్చినపుడు పనికివచ్చును గాని, ఒట్టి నొప్పికి అక్కరలేదు. అయినను అది వ్రాయనిచో వైద్యుడు తెలియనివాడని తలంచువారు కలరు. వారిని తృప్తిపరచుటకై వ్రాయువారు మాలోను లేకపోలేదు. ఆ తప్పు మాదే.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సంగతి మీరెరుగుదురు. కొబ్బరితోటలు, జీడితోటలు గల ఆ కవిటి, సోంపేట ప్రాంతములందు మూత్రపిండముల జబ్బు ఎన్నో కుటుంబములను క్రుంగదీసినది. దానికి మూలమేదో ఇదమిత్థమని తేలలేదు. కాని మూత్రపిండములు దెబ్బతిన్నవారికి డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వంటి నొప్పిమాత్రలు చెరుపు చేయుననుటలో సందేహము లేదు. అవి వాపును తగ్గించుటతోపాటు మూత్రపిండములకు పోవు రక్తమును గూడ తగ్గించును. ఆరోగ్యవంతులకు రెండు మూడు దినములలో సాధారణముగా ఆపద రాదు. ఎండలో పనిచేసి నీళ్ళు చాలక వడలినవారికి, రక్తపుపోటుకు మాత్రలు వాడువారికి అంత ధైర్యము చెప్పలేము.

ఆ వైపునుండి వచ్చిన పెద్దాయన ఒకరు నాకు జ్ఞాపకమున్నారు. బయట చాలమంది వేచియున్నారు; నేను తొందరలో ఉంటిని. "తాతగారూ, మరేమైన జబ్బులున్నవా?" అని అడిగితిని. "ఏమీ లేవు బాబూ, పన్నొక్కటే" అన్నారు. నేను చీటీ వ్రాయబోవుచుండగా గుమ్మము దగ్గర నిలిచిన కోడలు, "పోయిన ఏడు మామయ్యకు క్రియాటినిన్ ఎక్కువగా ఉన్నదని చెప్పినారండీ" అన్నది. దుకాణములో కొన్న నొప్పిమాత్రలు అప్పటికే పది దినములనుండి రెండు పూటలు మ్రింగుచున్నారట. ఆయన దాచినది ఏమియు లేదు. పంటికిని మూత్రపిండమునకును సంబంధమేమని ఆయన తలంపు. ఆ కోడలు నోరు తెరువకున్నచో నేనును అదే మాత్ర వ్రాసి పంపియుందును. దానిని మాన్పించి, రక్తపరీక్ష చేయించి, నొప్పికి పారాసిటమాల్ మాత్రమే ఇచ్చి, మూత్రపిండముల వైద్యునితో మాటలాడిన పిమ్మటనే పన్ను తీసితిని.

ఆనాటినుండి నేను ప్రశ్న మార్చుకొంటిని. "జబ్బులున్నవా?" అని ఊరకొనక, "ప్రొద్దున లేచి ఏ మాత్రలు వేసికొందురు?" అని అడుగుదును. జబ్బు లేదన్నవారి సంచిలోనే చక్కెరజబ్బు మాత్రలు, రక్తపుపోటు మాత్రలు బయటపడును. పేర్లు జ్ఞాపకముంచుకొన నక్కరలేదు. అట్టలు తెచ్చిన చాలును.

గుండెజబ్బుకై ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుచున్న కొందరు, పన్ను తీయించుకొనిన నెత్తురు ఆగదేమోనని ముందే ఆ మాత్రలు మాని వచ్చి, మంచిపని చేసినట్లు చెప్పుదురు. గుండెనాళములో స్టెంటు ఉన్నవారు తమంతట తాము అవి మానిన, నాళము మూసికొనిపోవచ్చును. పన్ను తీసినచోట రక్తమును గుడ్డ ఒత్తియు, కుట్టు వేసియు ఆపగలము. మూసికొన్న గుండెనాళమును మేము తెరువజాలము. వార్ఫరిన్ వాడువారు ఐ.ఎన్.ఆర్. పరీక్ష కాగితము వెంట తేవలెను. చిగుళ్ళవాపునకు తరచు వ్రాయు మెట్రోనిడజోల్ దానితో కలిసిన, ప్రమాదకరమైన రక్తస్రావము కలుగవచ్చును. మెట్రోనిడజోల్ వాడు దినములలోను, ఆ తరువాత మూడు దినములును కల్లుగాని సారాగాని ముట్టరాదు. వాంతులు, గుండెదడ పట్టుకొనవచ్చును.

క్రొత్తకోడలు నెల తప్పిన సంగతి మగవైద్యునితో చెప్పుటకు సిగ్గుపడును. వెంట వచ్చిన అత్తగారైనను చెప్పవలెను. అయిదవ నెల వచ్చినది మొదలు ఐబూప్రొఫెన్ వంటివి శిశువునకు హాని చేయవచ్చును. టెట్రాసైక్లిన్ జాతి మందులను పంటి జబ్బుకై గర్భిణులకు, ఎనిమిదేండ్లలోపు పిల్లలకు ఈయరాదు; అవి తయారగుచున్న పంటిలో చేరి, ఎంత తోమినను పోని పసుపు, గోధుమ వన్నెను తెచ్చును. ఆ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో వెల్లడియైనది. దానిని కనుగొన్న లెడర్లీ సంస్థ పరిశోధనలకు అప్పుడు నాయకత్వము వహించినవారు మన భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఎన్నో ప్రాణములను నిలిపిన మందే అది. పిల్లల పండ్లకు చేయు కీడు పిమ్మటనే తెలియవచ్చినది. మరియొకటి: నిమెసులైడ్‌ను 12 ఏండ్లలోపు పిల్లలకు ఇచ్చుట మనదేశమున 2011లోనే నిషేధింపబడినది. పెద్దల మాత్రను సగము విరిచి పిల్లవానికి పెట్టుట ఇకనైన మానవలెను.

పారాసిటమాల్ మంచిదంటిని గదా అని లెక్క మరువరాదు. పెద్దలకైనను రోజుకు 4 గ్రాములు, అనగా 500 మిల్లీగ్రాముల మాత్రలు 8 దాటిన కాలేయము చెడును. బక్కపలుచనివారు, సారా అలవాటుగలవారు అంతకు చాల తక్కువలోనే ఆగవలెను. జ్వరపు మాత్రలోను, ఒళ్ళునొప్పుల మాత్రలోను అదే మందు వేరు పేరుతో ఉండును గనుక తెలియకయే రెట్టింపు మ్రింగువారు కలరు. ఆస్పిరిన్‌ను పంటి ప్రక్కన చిగురుపై అదిమి పెట్టిన నొప్పి పోదు, చిగురు కాలి తెల్లబడును.

అట్టమీద నిలువుగా ఎర్రగీత ఉన్న మందును వైద్యుని చీటీ లేనిదే కొనరాదు. అమాక్సిసిలిన్ పెన్సిలిన్ జాతిది. మునుపెన్నడైన పెన్సిలిన్ సూదికిగాని మాత్రకుగాని దద్దురులు లేచినచో, ఎన్నేండ్లయినను మాతో చెప్పవలెను. మాత్ర మ్రింగిన పిమ్మట పెదవులు ఉబ్బి ఊపిరాడకున్నను, పంటి జబ్బు ముదిరి దవడక్రింద వాపు గట్టిపడి మ్రింగుడు పడకున్నను, తెల్లవారువరకు వేచియుండక 108కి ఫోను చేసి పెద్ద ఆసుపత్రికి పోవలెను. పోవునపుడు ఇంటిలోని మాత్రల అట్టలన్నియు ఒక సంచిలో వేసికొని పొండు.