పెసరగింజలో ఇల్లు మారిన జన్యువు



రేపటి పెసరట్లకి పెసలు నానబోసినప్పుడు గుప్పెడు గింజలు తీసి తడిగుడ్డలో మూటగట్టి ఉంచండి. ఒకటి రెండు రోజుల్లో తెల్లని మొలకలొస్తాయి. ఆ మొలకకి శక్తి ఎక్కణ్ణించి వచ్చిందంటారు? గింజలోని ప్రతి కణంలోనూ మైటోకాండ్రియా అనే చిన్న చిన్న పొయ్యిలున్నాయి. గింజ దాచుకున్న ఆహారాన్ని అవి ప్రాణవాయువు సాయంతో శక్తిగా మారుస్తాయి. ఆ పొయ్యిలో ఒక భాగం కథే ఈనాటి నా ప్రసంగం.

ఏ మాంసకృత్తుని ఎలా తయారుచేయాలో చెప్పే జన్యువులు కణం మధ్య ఉన్న కేంద్రకంలో, డి.ఎన్.ఏ. రూపంలో ఉంటాయి. చిత్రమేమిటంటే మైటోకాండ్రియాకి తనదంటూ వేరే డి.ఎన్.ఏ. ఉంది. ఆకుకి పచ్చదనాన్నిచ్చే హరితరేణువులకీ ఉంది. ఒకే ఇంట్లో ఈ వేరు కాపురాలేమిటండీ అంటారేమో! వంద కోట్ల ఏళ్ళకి పూర్వం ఇవి స్వతంత్రంగా బతికిన సూక్ష్మజీవులు. మరో పెద్ద కణంలో చేరి అక్కడే స్థిరపడిపోయాయి. 1967లో అమెరికా శాస్త్రజ్ఞురాలు లిన్ మార్గులిస్ ఈ సంగతి గట్టిగా వాదించినప్పుడు చాలామంది కొట్టిపారేశారు. ఈనాడు పాఠ్యపుస్తకాల్లో అదే పాఠం.

అయితే వచ్చేటప్పుడు తెచ్చుకున్న సామానంతా ఇప్పుడు వాటి దగ్గర లేదు. హరితరేణువు పూర్వీకులకి వేల జన్యువులుండేవి. ఇప్పటి మొక్కల్లో దాని దగ్గర మిగిలినవి నూరూ నూటముప్ఫై మాత్రమే. కొన్ని పోయాయి, చాలా కేంద్రకానికి చేరాయి.

పెసర సంగతి చూడండి. మైటోకాండ్రియాలో ప్రాణవాయువుని వాడుకునే యంత్రానికి ఒక భాగాన్ని తయారుచేసే జన్యువు చాలా మొక్కల్లో మైటోకాండ్రియాలోనే ఉంటుంది. బఠాణీలోనూ అక్కణ్ణించే పనిచేస్తుంది. పెసర, అలసంద మొక్కల్లో మాత్రం అది మైటోకాండ్రియాలో కనబడదు, కేంద్రకంలో ఉంటుంది. వీటి చుట్టాలు కొన్నింటిలో రెండుచోట్లా ప్రతులున్నాయి. అంటే ముందు కొత్త ఇంట్లో కాపురం కుదిరింది, తరవాతే పాత ఇల్లు ఖాళీ అయింది! 1991లో అమెరికా శాస్త్రజ్ఞులు ఇంకో సంగతి గమనించారు. మైటోకాండ్రియా తన జన్యువుకి నకలు తీసి, అందులో తప్పులు దిద్దుకుని వాడుకుంటుంది. కేంద్రకంలో ఉన్నది ఆ దిద్దిన శుద్ధప్రతి, చిత్తుప్రతి కాదు. దానికి ముందు ఒక చిరునామా కూడా చేరింది. అందువల్ల ఆ మాంసకృత్తు బయట తయారైనా, పోస్టులో కవరులాగా మైటోకాండ్రియాకే చేరుతుంది.

ఇదంతా ఎప్పటి ముచ్చటో అనుకోకండి. 2003లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో పొగాకు మొక్కల హరితరేణువుల్లో ఒక కొత్త జన్యువు పెట్టారు. కనమైసిన్ అనే మందుని తట్టుకునే ఆ జన్యువు కేంద్రకంలోకి వెళ్తే తప్ప పనిచెయ్యకుండా కట్టుదిట్టం చేశారు. ఆ మొక్కల పుప్పొడిని మామూలు మొక్కల పువ్వులకి అంటించారు. పొగాకులో హరితరేణువులు తల్లివైపు నుంచే వస్తాయి. మనకీ మైటోకాండ్రియా అమ్మ దగ్గర్నుంచే కదా! కాబట్టి పుప్పొడితో ఆ జన్యువు రాకూడదు. కాని 2,50,000 మొలకల్ని పరీక్షిస్తే 16 మొలకలు ఆ మందుకి తట్టుకున్నాయి. పుప్పొడి తయారయ్యే లోపలే జన్యువు కేంద్రకంలోకి దూకిందన్నమాట. సుమారు 16,000కి ఒకటి!

దీనితో మనకేం పని అంటే, పని ఉంది. పంటలో కొత్త జన్యువు పెడితే, పుప్పొడితో అది పక్కచేలకీ, కలుపుమొక్కలకీ పోతుందని భయం. హరితరేణువులో పెడితే గడప దాటదని కొందరు ధైర్యం చెప్పారు. అడిలైడ్ మొలకలు ఆ ధైర్యానికి కంతలు పెట్టాయి. అయితే, నిజం చెప్పాలంటే, హరితరేణువు కోసం కట్టిన జన్యువు కేంద్రకంలో పడ్డా సాధారణంగా నోరు మెదపదు; దాన్ని పలికించే మీటలు అక్కడ వేరు. ఆ కంచె పనికిరానిదని నేననను. కాని అదొక్కటే చాలునని ఎవరైనా అంటే, ఎకరానికి ఎన్ని కోట్ల పుప్పొడి రేణువులు రాలతాయో వాళ్ళని ఓసారి లెక్కవేసి చూడమనాలి.