కరెంటు పోయినప్పుడు మన సంఘం చేయాల్సిన పని
(మండల సమాఖ్య మహాజన సభలో చేసిన ప్రసంగం)



పొదుపులు, అప్పుల లెక్కలు ఇప్పటిదాకా విన్నారు. నేను కరెంటు గురించి నాలుగు మాటలు చెబుతాను.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మన శ్రీకాకుళం జిల్లాలో తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలతో పాటు వేలాది కరెంటు స్తంభాలు పడిపోయాయి. ఉద్దానం ఊళ్ళలో రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు లేకపోతే మోటారు తిరగదు, కుళాయి రాదు, సెల్లు మోగదు, ఏటీఎంలో డబ్బు రాదు.

అందుకే తుఫాను కబురు రాగానే బిందెలు, డ్రమ్ములు నింపుకోండి. సెల్లు, చార్జింగు లైటు నిండా చార్జి పెట్టండి. వారానికి సరిపడా మందులు, కొంచెం చేతి డబ్బు ఇంట్లో ఉంచుకోండి. టార్చి, అగ్గిపెట్టె చీకట్లో కూడా చేతికి అందే చోట పెట్టండి.

గాలి ఆగాక ఇంకా జాగ్రత్తగా ఉండాలమ్మా. ఊరంతా చీకటిగా ఉన్నా, కింద పడిన తీగలో కరెంటు లేదని అనుకోవద్దు. లైను ఎప్పుడు చార్జి చేస్తారో మనకు తెలీదు. పిల్లల్ని, పశువుల్ని అటు పోనివ్వకుండా లైన్‌మేన్‌కు గానీ, 1912కు గానీ ఫోన్ చేయండి. బట్టలు ఆరేసే ఇనుప తీగ తీసేసి నైలాన్ తాడు కట్టుకోండి. ఆ తీగకు కరెంటు తగిలి ఎంతమంది ఆడవాళ్ళు పోతున్నారో పేపర్లో చూస్తూనే ఉన్నాం. ఇంట్లో ఎవరికైనా షాకు కొడితే ముందు మెయిన్ ఆపండి, ఆ తర్వాతే మనిషిని ముట్టుకోండి.

కొవ్వొత్తి దోమతెర దగ్గర పెట్టొద్దు. జనరేటరు ఇంట్లో గానీ, వరండాలో గానీ నడపొద్దు. దాని పొగలో వాసన లేని విషవాయువు ఉంటుంది, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. టీవీ, ఫ్రిజ్ ప్లగ్గులు పీకేయండి. కరెంటు ఒక్కసారిగా ఎక్కువగా వస్తే కాలిపోతాయి.

ఇవన్నీ ఎవరింట్లో వాళ్ళు చేసుకునేవి. సంఘం చేయాల్సింది ఇంకొకటి ఉంది. మన ఊళ్ళలో డయాలసిస్‌కు వెళ్ళే కిడ్నీ రోగులున్నారు. ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు, నెలలు నిండిన గర్భిణులు, ఒంటరి ముసలివాళ్ళు ఉన్నారు. కరెంటు పోతే ముందు కష్టం వాళ్ళకే. వచ్చే మీటింగులో పొదుపు రాసుకున్నాక ఒక్క పావుగంట కూర్చోండి. మీ వీధిలో అలాంటి ఇళ్ళు ఏవో మినిట్సు పుస్తకంలో రాయండి. ఒక్కో ఇంటికి ఒక్కో సభ్యురాలి పేరు పెట్టండి. తుఫాను ముందు ఒకసారి, తర్వాత రోజూ ఆమె ఆ గుమ్మం తొక్కాలి. డయాలసిస్ రోజు ఎప్పుడు, జనరేటరున్న కేంద్రం ఏది, ఆటో ఎవరిది అన్నది ముందే అడిగి ఉంచుకోవాలి. ఇన్సులిన్‌కు ఫ్రిజ్ లేకపోతే తడి ఇసుక నింపిన కుండలో, నీళ్ళు తగలకుండా చిన్న మూత డబ్బాలో పెట్టి నీడన ఉంచాలి.

నెలనెలా అప్పు కట్టలేని చెల్లెలికి మనం పూచీ ఉంటున్నాం. ఆ చీకటి రాత్రులకు కూడా పూచీ ఉందాం. ఈ నెలలోనే రాసుకోండి తల్లీ. సెలవు.