కొత్త జీపు – కీళ్ల జబ్బు
(మౌలాలిలో విశ్రాంత ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షన్, డి.ఏ. బకాయిల గురించి మాట్లాడుకునే చోట జీపు కీళ్ల ప్రస్తావన ఏమిటని మీరు అనుకోవచ్చు. కారణముంది. మన సభ్యులొకరు గ్రాట్యుటీ సొమ్ములో కొంత వెచ్చించి కుమారునికి కొత్త ఫోర్‌వీల్ జీపు కొనిపెట్టారు. ఐదు నెలలు తిరగకుండానే ముందు చక్రం వైపు డ్రైవ్ షాఫ్టు జాయింటు పోయింది. గ్యారంటీ కింద మార్చమంటే, "రాళ్లలో, గుట్టల్లో నడిపారు గనుక కుదరదు" అన్నారు. రాళ్లలో, గుట్టల్లో నడపడానికే గదా ఆ బండి అమ్మింది! డీజిల్ షెడ్డులో పని చేసినవాణ్ణని నన్ను ఒకసారి చూడమన్నారు.

మన షెడ్డువారికి ఇలాంటి షాఫ్టు కొత్త కాదు. డబ్ల్యు.డి.ఎమ్-2 ఇంజనులో రేడియేటర్ ఫ్యానుకు శక్తి చేరవేసేది యూనివర్సల్ షాఫ్టే. దాని కీలును లారీ మెకానిక్కులు "క్రాస్" అంటారు. ఈ కీలుకు ఒక గుణముంది. రెండు షాఫ్టుల మధ్య 30 డిగ్రీల కోణముంటే, తిప్పే షాఫ్టు నిమిషానికి సమంగా 1000 చుట్లు తిరుగుతున్నా, రెండో షాఫ్టు వేగం ప్రతి చుట్టులోనూ రెండుసార్లు 866కు పడిపోయి, రెండుసార్లు 1155కు పెరుగుతుంది. స్టీరింగుతో మలుపు తిరిగే చక్రానికి ఈ కుదుపు పనికిరాదు. అందుకే ఉక్కు గుండ్లతో సమవేగంగా తిరిగే కీలు వచ్చింది. 1920లలో ఆల్ఫ్రెడ్ జెప్పా అనే ఇంజనీరు రూపొందించిన కీలు ఈ జాతిదే. రెండో ప్రపంచ యుద్ధపు జీపుల ముందు ఇరుసుల్లోనూ దాన్ని వాడారు.

ఈ కీలుకు ప్రాణం గ్రీజు, ఆ గ్రీజుకు కాపలా రబ్బరు బూటు. బూటు చిరిగినా, దాని పట్టీ జారినా గ్రీజు బయటికి పోతుంది, దుమ్ము లోపలికి చేరుతుంది. గుండ్లు నడిచే గాడులు అరిగిపోతాయి. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు "టక్ టక్" మని శబ్దం వస్తే అది మొదటి హెచ్చరిక.

నడిపేవారి వల్ల కూడా కీళ్లు పోతాయి. సెంటర్ డిఫరెన్షియల్ లేని జీపులో, ఎండిన తారురోడ్డు మీద ఫోర్‌వీల్ వేసి మలుపులు తిప్పకూడదు. మలుపులో ముందు చక్రాలు వెనుక చక్రాలకన్నా ఎక్కువ దూరం తిరగాలి. ఇసుకలోనైతే చక్రం జారి సర్దుకుంటుంది. తారు మీద జారదు, ఆ బిగువంతా షాఫ్టుల మీద పడుతుంది. సోకుకోసం బండి ఎత్తు పెంచినా కీలు కోణం పెరిగి త్వరగా అరుగుతుంది.

నేను చూసిన బండి ఎత్తు పెంచింది కాదు. బూటు రబ్బరు మీద రాయి తగిలిన గాటు లేదు. పట్టీ మాత్రం గాడిలోంచి జారి ఉంది, గ్రీజు చక్రం లోపలంతా చిమ్మి ఉంది. ఇది గుట్టలెక్కినందుకు వచ్చిన జబ్బు కాదు, బిగింపులో వచ్చిన లోపమని నా అభిప్రాయం. ఆ సంగతే ఫోటోలతో రాసి రిజిస్టరు పోస్టులో పంపించాము. నెల తర్వాత ఆ ఒక్క జాయింటు ఉచితంగా మార్చారు. రెండో వైపు పట్టీ కూడా పరీక్షించి, రాతపూర్వకంగా చెప్పమన్నాము. జవాబు ఇంకా రాలేదు. ఆ బండిలో మనుమలు బడికి వెళతారు గనుక మేము ఊరుకోదలచలేదు.

మిత్రులారా! విరిగిన భాగాన్ని ఫోటో తీయకుండా, రసీదు లేకుండా వదలకండి. నోటిమాటకు విలువ లేదు, జాబ్‌కార్డులో మీ ఫిర్యాదు మీ మాటల్లోనే రాయించండి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, చెల్లించిన ధర 50 లక్షల రూపాయల లోపైతే జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. గడువు రెండేళ్లు. సలహాకు 1915 నంబరు ఉంది. అదే 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు. దాని ప్రకారం, లోపమున్న బండ్లను వెనక్కు పిలిపించమని తయారీదారును కేంద్రం ఆదేశించవచ్చు. ఎవరికి వారు సొంత ఖర్చుతో బాగు చేయించుకుని ఊరుకుంటే ఆ లోపం ఎవరి లెక్కలోకీ రాదు.