శుద్ధి చేసిన నీళ్లు, కూరమడి, ఆడవాళ్ల కాళ్లు

(అమలాపురంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కోనసీమలో నిలబడి నీళ్ల గురించి మాట్లాడడం నాకే విడ్డూరంగా ఉంది. చుట్టూ గోదావరి పాయలు, ఊరూరా కాలువ. అయినా, వేసవిలో కాలువ కట్టేశాక కూరమడికి నీళ్లెక్కడివని రాజోలు వైపు ఒకామెను అడిగాను. "మురుగు బోదె ఉందిగా అండి. మొక్కకి మురుగేంటి, మంచేంటండి?" అంది.

ఆమె మాట సగం నిజం. మురుగులో నత్రజని, భాస్వరం ఉంటాయి, మొక్క ఏపుగా పెరుగుతుంది. ఆ మడిలో చెప్పుల్లేకుండా దిగే మనిషి మాటేమిటి?

పట్టణాల మురుగును శుద్ధి చేసి పంటలకు ఇద్దామని ఇప్పుడు దేశమంతటా అంటున్నారు. నేను దానికి వ్యతిరేకిని కాను. అయితే "శుద్ధి" అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. (మన సమాజంలో ఆ మాటతో ఎవరిని దూరం పెట్టారో మీకు చెప్పనక్కర్లేదు.) మడ్డిని తేర్చి, గాలి పంపి మలినాన్ని తగ్గించి అక్కడితో ఆపేస్తే నీరు తేటగా కనిపిస్తుంది, వాసన పోతుంది, రోగక్రిములు మాత్రం మిగులుతాయి. క్లోరిన్ బాక్టీరియాను చంపుతుంది గానీ ఏలికపాము గుడ్లను చంపలేదు. అవి మట్టిలో నెలల తరబడి బతుకుతాయి. వాటిని చెరువుల్లో తేర్చాలి, లేదా వడగట్టాలి. రొయ్యల చెరువుల నుంచి కలిసే ఉప్పునైతే మామూలు శుద్ధి అసలు తీయదు.

పచ్చిగా తినే పంటల నీటిలో 100 మిల్లీలీటర్లకు మలసంబంధ కోలిఫాంలు 1000 దాటకూడదని, లీటరుకు పురుగు గుడ్డు ఒకటి మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లో చెప్పింది. 2006లో పద్ధతి మార్చింది. శుద్ధి ఒక్కటే కాదు, దారి పొడవునా అడ్డుకట్టలు వేయవచ్చంది: నీరు ఆకుల మీద పడకుండా మొదట్లోకి ఇవ్వడం, కోతకు ముందు కొన్ని రోజులు నీరు ఆపడం, కడగడం, తొక్క తీయడం, వండడం. శాస్త్రపరంగా సబబే. కానీ కోసేదెవరు, కడిగేదెవరు, వండేదెవరు? శుద్ధి కేంద్రంలో జరగని పని జీతం లేకుండా వంటింట్లోకి వస్తోంది. మంచినీటితో కడిగితే క్రిములు సుమారు పదో వంతుకు తగ్గుతాయంటారు. ఆ మంచినీటిని బిందెలతో మోసేదీ మనమే.

హైదరాబాదు దిగువన మూసీ వెంట దశాబ్దాల తరబడి నగర మురుగుతోనే గడ్డి, ఆకుకూరలు పండించారు. ఆకుకూర కోసి, కట్టలు కట్టి, అమ్మే పనిలో ఆడవాళ్లే ఎక్కువ. అక్కడి రైతుల్లో కొంకిపురుగు బెడద ఎక్కువని 2000 తర్వాత జరిగిన అధ్యయనాల్లో తేలింది. ఆ పురుగు పాదాల చర్మంలోంచి చొరబడి పేగుల్లో రక్తం పీలుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో దాదాపు 59 శాతానికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. వ్యవసాయం వాళ్లు దిగుబడి చూస్తారు, వైద్యం వాళ్లు ఐరన్ మాత్ర ఇస్తారు. మడిలో ఉన్న కాళ్లను ఎవరూ చూడరు.

1991లో చిలీ దేశంలో కలరా వచ్చినప్పుడు శాంటియాగో చుట్టుపక్కల మురుగుతో పచ్చికూరలు పండించడాన్ని ప్రభుత్వం ఆపించింది. టైఫాయిడ్ కూడా బాగా తగ్గింది. అది చూపి ఇక్కడా నిషేధం అడిగే మిత్రులున్నారు. కొత్తిమీర, పుదీనా మళ్లకు శుద్ధి చేయని మురుగు పెట్టడం ఆపాల్సిందే, అందులో నాకు సందేహం లేదు. కానీ పరిహారం లేని నిషేధం ముందుగా కొట్టేది పావెకరం కౌలుకు చేసే ఆడమనిషిని. ఆమెకు బోదె మూసేస్తే మిగిలేది కూలి.

కాబట్టి నీరు ఇస్తామన్నవాళ్లను పరీక్ష కాగితం అడుగుదాం. అది తెలుగులో, ఊళ్లో బోర్డు మీద ఉండాలి. అందులో పురుగు గుడ్ల లెక్క కూడా ఉండాలి. ఆ నీరు వండుకు తినే వంకాయకా, పచ్చిగా తినే దోసకా అన్నది ముందే తేలాలి. నులిపురుగుల మాత్ర బడిపిల్లలతో పాటు మడిలో దిగేవాళ్లకూ కావాలి, గర్భిణులకు మొదటి మూడు నెలల్లో తప్ప. బూట్లు ఇస్తామంటారు. ఒకచోట చూశాను, అన్నీ మగవాళ్ల కొలతలే.

రాజోలు ఆమెకు ఈ పురుగుల సంగతంతా చెప్పాను. ఓపిగ్గా విని, "అయితే ఏ నీళ్లు పెట్టమంటారండి?" అని అడిగింది. ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. మళ్లీ కాలువ కట్టేసేలోగా ఆమెకు జవాబు కావాలి.