భాషలకు డార్విన్ సూత్రం వర్తిస్తుందా?



"బలమైన భాష నిలుస్తుంది, బలహీనమైనది పోతుంది. ప్రకృతి నియమం కదా!" ఇంట్లో తెలుగు మానేసిన తల్లిదండ్రులు మన తిరుత్తణి, తిరువళ్లూరు ప్రాంతాల్లో ఈ మాట అంటుంటారు. పైగా డార్విన్‌ను సాక్ష్యానికి పిలుస్తారు.

మనిషి పుట్టుకపై 1871లో వెలువరించిన గ్రంథంలో డార్విన్ భాషల పుట్టుకనూ జీవజాతుల పుట్టుకనూ పోల్చి చూపిన మాట నిజమే. పెత్తనం గల భాషలు వ్యాపిస్తే మిగతావి క్రమంగా అంతరిస్తాయని కూడా రాశాడు. ఆయన అనలేదని మనం బుకాయించలేము.

ముందు ఆ పోలికలోని అందం చూడండి. తమిళుల 'ఇరండు' మన 'రెండు'. వారి 'మరం' మన పాత తెలుగులో 'మ్రాను', ఇప్పుడు 'మాను'. 'తమిళ్' అనే మాట చివర పలికే ఆ ప్రత్యేకమైన ళకారం ఉన్నచోట మనకు తరచు డకారం వస్తుంది. వారి 'ఏళు' మన 'ఏడు', వారి 'కోళి' మన 'కోడి'. ఒకటి రెండోదానికి తల్లి కాదు. ఒకే తల్లి బిడ్డలు వేరుపడి, ఎవరి దారిన వారు మారారు. ఈ భాషలు సంస్కృతం నుంచి పుట్టినవి కావని మద్రాసు కలెక్టరు ఎల్లిస్ దొర 1816లోనే రాశాడు. అప్పటికి డార్విన్ ఏడేళ్ల పిల్లవాడు!

ఒకచోట మాత్రం పోలిక కుదరదు. కాకి గూట్లో పెరిగినా కోకిలకు కాకి ముక్కు రాదు. భాష అలా కాదు, పక్కింటి నుంచి అరువు తెచ్చుకుంటుంది. మనం 'రొంబ బాగుంది' అంటాం. మన 'హెచ్చరిక' తమిళంలో 'ఎచ్చరిక్కై' అయి కూర్చుంది. ఇక్కడి తెలుగును చెడిపోయిన తెలుగు అనేవారికి బడిపంతులుగా నేనైతే మార్కులివ్వను.

ఇక బలం సంగతి. పరిణామ సిద్ధాంతంలో నిలవడమంటే గొప్పదనం కాదు, ఆ పరిసరానికి నప్పడం. పరిసరం మారితే లెక్క మారుతుంది. చిత్తూరు జిల్లాలో ఉండిన తిరుత్తణి తాలూకాలో ఎక్కువ భాగం, పటాస్కర్ తీర్పు తరువాత, 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో చేరింది. రాత్రికి రాత్రి ఇక్కడి తెలుగులో ఏ అక్షరమూ అరిగిపోలేదు, ఏ సామెతా మొద్దుబారలేదు. ఆఫీసు కాగితం మారింది. 2006లో వచ్చిన చట్టంతో ఒకటో తరగతి మొదలుకొని ఏటేటా బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. తమిళం మనకు అన్నం పెట్టే భాష, నేర్వవలసిందే. నేను రెండూ చెబుతాను. కానీ ఇవన్నీ మనుషులు చేసిన ఏర్పాట్లు, ఎండావానల్లా వచ్చినవి కావు.

ఐదేళ్ల బిడ్డకు పరిసరమంటే రాష్ట్రం కాదు, ఇల్లు. అవ్వ తెలుగులో అడిగితే మనవరాలు ఏ భాషలో బదులిస్తోందో, ఈ పూట అన్నాల దగ్గర విని చూడండి. సెలవు.